విలన్ దొరకలేదండీ!

మొన్న పాకాల జంక్షన్‌లో తిరుపతి బండి కోసం కాచుకుని ఉంటే, నా నవల చదివినావిడ ఒకరు పలకరించారు. "అంతా బాగుండాది గానీ మా, ఆ తళ్ళికోట సుల్తాన్ని మంచోడిగా రాస్తివే, అదెట్లమ్మా?" అని నిలదీశారు. నేను నీళ్ళు నమిలేలోగా బండి వచ్చేసింది. చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ చెబుతున్నాను.

మన చారిత్రక నవలలకు ఒక పాడు అలవాటుంది. బొట్టు పెట్టినవాడు వీరుడు, గడ్డం పెంచినవాడు ద్రోహి. మొదటి పేజీలోనే తేలిపోయాక మిగతా మూడొందల పేజీలు దేనికండీ? 1565లో రామరాయల మీదికి దండెత్తిన సుల్తానుల్లో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా ఒకడు. ఆ ఇబ్రహీమే 1543లో సొంత అన్నకు భయపడి విజయనగరం పారిపోయి వచ్చి, ఏడేళ్ళు అక్కడ తలదాచుకున్నాడు. అద్దంకి గంగాధర కవి తెలుగు కావ్యం అంకితం పుచ్చుకున్నదీ ఆయనే. బీజాపూరు అలీ ఆదిల్‌షా అంతకుముందు రామరాయలతో కలిసి అహ్మద్‌నగర్ సుల్తాను మీదికి పోయినవాడే! ఇందులో మతం పాలెంత, రాజ్యకాంక్ష పాలెంత? ఉప్పు తిన్న ఇంటి మీదికి కత్తి దూసేముందు ఆ ఇబ్రహీంకు నిద్ర పట్టిందా లేదా? నవల రాసేవాళ్ళు పట్టుకోవలసింది అక్కడ.

ఇక రెండో రకం వాళ్ళున్నారు. ఒక ఫకీరుచేత నాలుగు నీతులు చెప్పించి, అందరూ అన్నదమ్ములేనని, హంపీని కొల్లగొట్టి కాల్చిన సంగతి మెల్లగా దాటేస్తారు. అదీ అబద్ధమే. విరిగిన విగ్రహాలు ఇప్పటికీ అక్కడున్నాయి. అదే హంపీలో 1439లో, రెండో దేవరాయల కొలువులోని అహ్మద్‌ఖాన్, రాజుకు పుణ్యం రావాలని శాసనం వేయించి కట్టించిన మసీదూ ఉంది. రెండూ రాసే ధైర్యం లేనివాళ్ళు చరిత్ర జోలికి పోకపోవడం మేలు.

తళ్ళికోట తర్వాత రాజధాని పెనుకొండకూ, అక్కణ్ణించి మన చంద్రగిరికీ వచ్చింది. తిరుపతి బండిలో పోతూ చూసే ఊరే. అక్కడి రాజమహలు కమానులు సుల్తానుల కట్టడాల వాటం, పైన శిఖరాలు గుడిగోపురాల వాటం. ఆ గోడల్లో ఏ రాయి ఏ మతానిదో విడదీయండి, చూద్దాం!

పాతకథలకు ఇంత గొడవెందుకంటారా? కథలు పాతవే, చదివే పిల్లలు ఇవాళ్టివాళ్ళు. ద్రోహి ఎప్పుడూ ఒకే మతంవాడని పది నవలల్లో చదివిన కుర్రాడు, నాలుగొందల ఏళ్ళ బాకీని రేపు బళ్ళో పక్కన కూర్చున్న సాయిబుల పిల్లాడి దగ్గర వసూలు చేయబోతాడు. ఆ పిల్లాడి పెద్దవాళ్ళు ఉగాదినాడు దేవుని కడప గుడికెళ్ళి, బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడపడుచని వెంకన్నకు దణ్ణం పెట్టినవాళ్ళే కావచ్చు.

ఆవిడ మళ్ళీ కనబడితే ఇదే చెబుతాను: "ఇబ్రహీం మంచోడో చెడ్డోడో నాకూ తెలీదు మా. తెలిసుంటే ఆ నవల రాసేదాన్నే కాదు."