పుండు మానిందా, మనిషి మానేశాడా?

పోయిన నెల ఆఫీసులో నాకో పని అప్పగించారు. షుగర్ వల్ల కాలికి పుండు పడినవాళ్ల మీద చేసే క్లినికల్ ట్రయల్స్‌లో ఎవరు మధ్యలో మానేస్తారో ముందే చెప్పే మోడల్ రాయాలి. ఇంతే కదా అనుకున్నా. వయసు, పుండు సైజు, ఆసుపత్రికి దూరం... అన్నిటికీ కాలమ్స్ ఉన్నాయి. మానేసిన కారణం ఉండాల్సిన చోట మాత్రం చాలావరకు ఒకటే మాట: 'రాలేదు'.

ఎవరు మానేస్తారో మోడల్ కొంతవరకు చెప్పింది. ఎందుకో చెప్పలేదు.

ఆ వారమే ఊరెళ్తే పెదనాన్న కాలికి కట్టు. ఏ ట్రయలూ కాదు, మామూలు వైద్యమే. డ్రెస్సింగ్‌కి వెళ్లడం మానేశాడట. ఎందుకు పెదనాన్నా అంటే, "కాలు కింద పెట్టొద్దంటారు, వారం వారం రమ్మంటారు. బస్టాండు దాకా గాల్లో ఎగిరి వెళ్లమంటావా ఏంట్రా?" అన్నాడు.

నవ్వబోయి ఆగిపోయా. పైగా ఆయనకి నొప్పి లేదు. షుగర్ నరాల్ని దెబ్బతీస్తే పాదంలో స్పర్శ పోతుంది. నొప్పి లేని పుండు కోసం, తోడొచ్చే పెద్దమ్మ ఒకరోజు కూలి పోగొట్టడం ఆయనకి ఇష్టం లేదు. నా డేటాలో ఆ కాలమే లేదు!

ఇది మన ఊళ్ల గొడవ మాత్రమే కాదు. 2003లో అమెరికాలో డేవిడ్ ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం 20 మంది పేషెంట్ల నడకను లెక్కగట్టింది. పుండు మీద బరువు పడకుండా ఇచ్చిన బూటు వేసుకుని నడిచింది మొత్తంలో 28 శాతమేనట.

ఇంకో తిరకాసు ఉంది. అక్కడి ఎఫ్‌డీఏ 2006 గైడెన్స్ ప్రకారం పుండు పూర్తిగా మానిందని చెప్పాలంటే, రెండు వారాల తేడాతో రెండుసార్లు చూడాలి. తగ్గిందిలే అని పనికెళ్లిపోయినవాడు రెండోసారి రాకపోవచ్చు. పుండు ముదిరి ఇంకో ఆసుపత్రిలో చేరినవాడూ రాడు. ఇద్దరి పక్కనా 'రాలేదు' అనే ఉంటుంది. వాళ్లని తీసేసి లెక్క కడితే మందు గురించి మనం తప్పు చెప్పే ప్రమాదం ఉంది.

సోమవారం మీటింగ్‌లో అడిగా: ఎలా వస్తారు, తోడెవరు, ఎవరి కూలి పోతుంది అని మొదటిరోజే రాసుకుందాం. రానివాళ్లకి ఫోన్ చేసి కారణం అడుగుదాం. "చూద్దాం" అన్నారు. పాత ఖాళీలు మాత్రం ఇక నిండవు.

పెదనాన్నకి వారానికోసారి ఆటో మాట్లాడా. మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు "నొప్పేం లేదులే" అంటే నమ్మేయకండి. ఇవాళే ఓసారి అరికాళ్లు చూడండి.