నదికి మనసుందని కొలుస్తున్నామా?

"యంత్రానికి స్వభావమేంటి? దాని మీద పీహెచ్‌డీ ఏంటి?" చాట్‌బాట్‌ల స్వభావం మీద జరిగే పరిశోధన గురించి అమలాపురంలో బాగా చదువుకున్నవాళ్లే ఈ మాట అంటున్నారు. మనసు లేనిదానికి గుణాలు అంటగట్టడం మూఢత్వమట, దానికి డాక్టరేట్లివ్వడం డబ్బు తగలెయ్యడమట. యంత్రానికి మనసు లేదనే నేనూ నమ్ముతాను. అంతమాత్రాన ఆ పరిశోధన వృథా అంటే ఒప్పుకోను.

గోదావరికి మనసు లేదు. అయినా దాని స్వభావం తెలియనివాడు లంకలో ఒక్క వానాకాలం కాపురం చెయ్యలేడు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకెలు నది మనసు గురించి ఏమీ చెప్పవు. గొడ్లను గట్టు మీదికి ఎప్పుడు తోలుకోవాలో చెబుతాయి.

మనిషి స్వభావాన్ని కొలిచే ఒక పద్ధతి మాటల్లోంచే పుట్టింది. 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ ఇంగ్లీషు నిఘంటువు జల్లించి, మనిషి తీరు చెప్పే మాటలు దాదాపు 18 వేలు పోగేశారు. తరవాతివాళ్లు వాటిని ఐదు ప్రధాన గుణాలకు కుదించారు. చాట్‌బాట్ నేర్చుకున్నదీ మనుషులు రాసిన మాటల్లోంచే. 2023లో కేంబ్రిడ్జికి చెందిన గ్రెగ్ సెరాపియో-గార్సియా, గూగుల్ పరిశోధకులతో కలిసి, మనుషులకిచ్చే ప్రశ్నావళినే చాట్‌బాట్‌ల వెనకుండే భాషా మోడళ్లకిచ్చి చూశారు. సూచనలు పాటించేలా శిక్షణ పొందిన పెద్ద మోడళ్ల జవాబుల్లో నిలకడ కనిపించింది. పైగా, అడిగే తీరు మార్చి ఆ గుణాలను పెంచొచ్చు, తగ్గించొచ్చు అని కూడా తేలింది. అంటే తయారు చేసేవాళ్ల చేతిలో ఒక మర ఉంది. దాన్ని ఎటు తిప్పారో మనకు తెలియొద్దా?

మా కొబ్బరి తోటకు తెల్లదోమ పట్టినప్పుడు ఫోన్లో చాట్‌బాట్‌ను అడిగాను. "రసాయన మందు కొడదామనుకుంటున్నా, మంచిదేగా?" "చాలా మంచి నిర్ణయం" అంది. మళ్లీ మొదటినుంచి, "మందు కొట్టకూడదనుకుంటున్నా" అన్నాను. అదీ మంచి నిర్ణయమేనట! రసాయనం కొడితే దోమను తినే మిత్రపురుగులూ చస్తాయని అంబాజీపేట పరిశోధన కేంద్రానికి వెళ్లే రైతుకు తెలుసు. ఈ తందానతాన నా ఒక్కడి అనుభవం కాదు. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీ కొత్త రూపం మరీ ముఖస్తుతికి దిగడంతో, ఓపెన్‌ఏఐ కొద్ది రోజులకే దాన్ని వెనక్కి తీసుకుంది. స్వభావమే లేకపోతే వెనక్కి తీసుకున్నదేమిటి?

ఆ ఐదు గుణాల్లో కలుపుగోలుతనం ఒకటి. కోనసీమలో దాని లెక్కే వేరు. మనవాళ్లు "ఆయ్, అలాగేనండి" అంటే విన్నామని అర్థం, ఒప్పుకున్నామని కాదు. గౌరవం ఎక్కడా తగ్గకుండా "అది కుదరదండి" అనడం మనకు ఉగ్గుపాలతో వచ్చింది. మర్యాద వేరు, తలూపడం వేరు. యంత్రానికి రావాల్సింది ఈ తేడాయే, దాన్ని పట్టే కొలతా ఇంగ్లీషు ప్రశ్నావళిలోంచి ఊడిపడదు. గడుసు, మెతక, పెంకి, మొహమాటం లాంటి మాటల్లోంచి రావాలి.

అందుకే, రేపు రాజోలు నుంచో కొత్తపేట నుంచో ఒకమ్మాయి ఈ అంశం మీదే పరిశోధన చేస్తానంటే నిరుత్సాహపరచకండి. అరుగు మీద కూర్చోబెట్టి, మనుషుల తీరు చెప్పడానికి మనకున్న మాటలన్నీ వరసగా రాయించండి. ఆమెకు కావలసిన నిఘంటువు మన నోళ్లలోనే ఉంది.