ఓటీపీ కొట్టినా మళ్లీ లాగిన్ పేజీనే.. ప్రతిసారీ ‘సర్వర్ డౌన్’ కాదు, అసలు లోపం ఇదీ!

లాగిన్ అవుతారు.. ఓటీపీ కొడతారు.. ఫామ్ సగం నింపేలోపే ‘సెషన్ ఎక్స్‌పైర్డ్’! మళ్లీ మొదటికే. మహబూబాబాద్ జిల్లాలో కొత్తగూడ, గంగారం లాంటి ఏజెన్సీ మండలాల నుంచి ఆన్‌లైన్ పని మీద పట్నం వచ్చినవాళ్లకు ఇలా జరిగితే ఆ రోజు కూలి పోయినట్టే. ఎందుకని అడిగితే ఒకటే జవాబు.. సర్వర్ డౌన్.

2025లో రాజీవ్ యువ వికాసం దరఖాస్తులప్పుడూ ఇదే మాట వినిపించింది. మార్చి 17న రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి. ఏప్రిల్ 5తో ముగియాల్సిన గడువును 14 వరకు పొడిగించారు. రద్దీ పెరిగితే సైట్లు మొరాయించడం మామూలే. కానీ సర్వర్ బాగానే ఉన్నా లాగిన్ ఊడిపోయే సందర్భాలున్నాయి. అక్కడ చూడాల్సింది కుకీని.

కుకీ అంటే ఓపీ చీటీ

ఆస్పత్రిలో ఓపీ చీటీ ఎలాగో, వెబ్‌సైట్‌కు సెషన్ కుకీ అలాగ. చీటీ చూపిస్తేనే లోపలికి పంపుతారు. పెద్ద సైట్లలో మన ఫోన్ నేరుగా అసలు సర్వర్‌తో మాట్లాడదు. మధ్యలో రివర్స్ ప్రాక్సీ అనే గేటు ఉంటుంది. చీటీ పోయేది ఎక్కువగా ఇక్కడే.

తప్పు జరిగేది మూడు చోట్ల

ఒకటి: గేటు దాకా కనెక్షన్ హెచ్‌టీటీపీఎస్. అక్కడి నుంచి లోపలికి చాలాసార్లు మామూలు హెచ్‌టీటీపీ. బయట సురక్షిత కనెక్షనే ఉందన్న కబురును ‘ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో’ హెడర్‌తో ప్రాక్సీ పంపాలి, అప్లికేషన్ దాన్ని నమ్మాలి. లేదంటే కొన్ని అప్లికేషన్లు ‘సెక్యూర్’ కుకీని అసలు ఇవ్వవు.

రెండు: లోపల నాలుగు సర్వర్లుండి, ఎవరి రిజిస్టర్ వాళ్ల దగ్గరే ఉంటే ఒకరిచ్చిన చీటీ ఇంకొకరికి తెలియదు. ఒకసారి పనిచేసి మరోసారి చేయకపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే. సెషన్లన్నీ రెడిస్ లాంటి ఉమ్మడి చోట దాచడం దీనికి మందు.

మూడు: ఫీజు కట్టి తిరిగొచ్చేటప్పుడు. 2020 ఫిబ్రవరిలో క్రోమ్ 80తో ‘సేమ్‌సైట్’ నిబంధన కఠినమైంది. కరోనాతో ఏప్రిల్‌లో ఆపి, జులైలో మళ్లీ తెచ్చారు. దీని ప్రకారం సెట్టింగ్ సరిగా లేకపోతే, పేమెంట్ పేజీ నుంచి పోస్ట్ పద్ధతిలో వెనక్కి వచ్చేటప్పుడు బ్రౌజర్ కుకీని పంపకపోవచ్చు. ఫలితం.. డబ్బు కట్, దరఖాస్తు మాత్రం పెండింగ్!

డబ్బు కట్ అయితే?

వెంటనే రెండోసారి కట్టొద్దు. ట్రాన్సాక్షన్ నంబర్ స్క్రీన్‌షాట్ తీసి, స్టేటస్ చూడాలి. ఖాతాలో డబ్బు కట్ అయి వ్యాపారి సిస్టమ్‌కు కన్ఫర్మేషన్ అందకపోతే 5 రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలని, ఆలస్యమైతే రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలని 2019 సెప్టెంబర్ 20 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ చెబుతోంది. ఫోన్‌లో తేదీ, టైమ్ సరిగా ఉన్నాయా, కుకీలు బ్లాక్ అయ్యాయా అన్నదీ ఓసారి చూసుకోవాలి.

అయితే జనం చేయగలిగేది ఇంతవరకే. పై మూడు లోపాలూ సైట్ నడిపేవాళ్లు సరిచేయాల్సినవే. సర్వర్లు కొనక్కర్లేదు, చాలావరకు సెట్టింగుల పనే. పోర్టల్ తెరిచే ముందే ప్రాక్సీ వెనకాల లాగిన్ నుంచి ఫీజు రసీదు దాకా ఒకసారి నడిపి చూస్తే తేలిపోతుంది. ఆ పరీక్ష ముందే చేయకపోతే, చివరి తేదీన క్యూలో నిలబడ్డ దరఖాస్తుదారుడే నష్టపోతాడు.