పోలేపల్లి పాఠాలు ఎవరి ఖాతాలో?

ఉద్యోగులకు కావలసిన చదువును కంపెనీయే చెప్పుకునే ఏర్పాటు కార్పొరేట్ యూనివర్సిటీ. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ 1956లో క్రోటన్‌విల్‌లో మేనేజర్ల కోసం ఇలాంటి కేంద్రం తెరిచింది. మెక్‌డొనాల్డ్స్ 1961లో హాంబర్గర్ యూనివర్సిటీ మొదలుపెట్టింది. మన దగ్గర ఇన్ఫోసిస్ మైసూరు శిక్షణ క్యాంపస్ సంగతి ఇంజనీరింగ్ చదివిన పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు. అయితే యూజీసీ చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం లేని సంస్థ యూనివర్సిటీ అని బోర్డు పెట్టుకోకూడదు. కాబట్టి ఇక్కడ కనిపించేవి అకాడమీలు, ట్రైనింగ్ సెంటర్లే.

పాలమూరులో (మహబూబ్‌నగర్ ప్రాంతంలో) ఈ చదువు అవసరం బాగా కనిపించే చోటు జడ్చర్ల పక్కనున్న పోలేపల్లి సెజ్. అక్కడివి మందుల ఫ్యాక్టరీలు. మందుల తయారీలో శిక్షణ యాజమాన్యం దయ కాదు, లైసెన్సు షరతు. మన ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ ఎం, అమెరికా ఎఫ్‌డీఏ నిబంధనలు రెండూ దాన్ని అడుగుతాయి. కొత్తగా చేరినవాళ్లు ముందు నేర్చుకునేది యంత్రం నడపడం కాదు, గౌను తొడుక్కోవడం, చేతులు కడుక్కోవడం, రాయడం. బ్యాచ్ రికార్డులో అంకె తప్పు పడితే వైట్‌నర్ పూయకూడదు. పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, సరైనది పక్కన రాసి, సంతకం, తేదీ వేయాలి. ఇన్‌స్పెక్టర్లు ఇలాంటి దిద్దుబాట్లనూ పరిశీలిస్తారు.

చిక్కు ఆ తర్వాత. ఈ శిక్షణ రికార్డు కంపెనీ ఫైల్లోనే ఉండిపోతుంది. కాంట్రాక్టు ఆపరేటర్ గేటు మారితే మళ్లీ మొదటి పాఠమే. పాలమూరు లేబర్ కథా ఇంతే: దేశమంతా ఆనకట్టలు కట్టారు, గుంపు మేస్త్రీ దగ్గర పని నేర్చారు, చేతిలో కాగితం మాత్రం లేదు.

దారులు లేకపోలేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద పరీక్ష గట్టెక్కితే దేశమంతా చెల్లే సర్టిఫికెట్ వస్తుంది. బిట్స్ పిలానీ 1979 నుంచే ఉద్యోగం చేసేవాళ్లకు డిగ్రీ చదువు నడుపుతోంది. పోలేపల్లి సెజ్‌లోనే ఎన్ఎంఐఎంఎస్ అనే విద్యాసంస్థ క్యాంపస్ ఉంది. షాపు ఫ్లోర్ మీద నేర్చిన పాఠాలకు అలాంటి సంస్థ క్రెడిట్లు లెక్కగడితే, ఆపరేటర్ సూపర్‌వైజర్ కావడానికి యాజమాన్యం మెహర్బానీ అక్కర్లేదు. ఖర్చు పెట్టి నేర్పినవాడు పక్క ఫ్యాక్టరీకి పోతాడన్న భయం కంపెనీలకు ఉంది. అది ఉత్త భయం కాదు. దానికి మందు జీతంలో వెతకాలి గానీ సర్టిఫికెట్ దాచిపెట్టడంలో కాదు.