గొలుసు తెగకముందే: డ్యాములు, వంతెనలు, రోడ్ల సంరక్షణకు మా ప్రణాళిక

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగింది. గేటు వరదలో కొట్టుకుపోయింది. అప్పటికి జలాశయం నిండుగా ఉంది. ఆ నీళ్ల మీద కర్ణాటకలో, రాయలసీమలో, పాలమూరులో లక్షల ఎకరాలు ఆధారపడి ఉన్నాయి. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో, పారే నీటిలోనే స్టాప్‌లాగ్ (తాత్కాలిక అడ్డు పలకలు) దించి, వారం రోజుల్లో ప్రవాహాన్ని నిలిపారు. ఆ పనితనానికి చేతులెత్తి మొక్కుతున్నాం. అయితే అంతకు మూడేళ్ల ముందే, 2021 ఆగస్టులో, కృష్ణా నది మీద పులిచింతల 16వ గేటు కూడా ఇలాగే కొట్టుకుపోయింది. ఒక గేటు పోయినప్పుడు మిగతా డ్యాముల మీద పనిచేసేవాళ్లందరికీ ఏం తెగింది, ఎందుకు తెగింది, ముందుగా ఏ గుర్తులు కనిపించాయి అన్నది పూర్తిగా తెలియాలి. పేపర్లో చదివి తెలుసుకునే రోజులు పోవాలి.

మాలో నీటిపారుదల, రోడ్లు భవనాలు, రైల్వే శాఖల్లో పనిచేసి రిటైరైనవాళ్లున్నారు, ఇప్పుడు పనిచేస్తున్న ఏఈలు, డీఈలు ఉన్నారు. హైదరాబాద్‌లోనూ విదేశాల్లోనూ కృత్రిమ మేధ మీద పనిచేస్తున్న తెలుగువాళ్లు ఉన్నారు. కట్టినవి కూలకముందే వాటి జబ్బు కనిపెట్టడానికి యంత్రాల తెలివిని వాడుకోవాలన్నది మా పట్టుదల. ఆ తెలివి ఏ ఒక్క దేశానికో, ఏ ఒక్క కంపెనీకో సొంత ఆస్తి కాకూడదన్నది అంతకంటే పెద్ద పట్టుదల.

యంత్రం నుంచి ఏం ఆశిస్తున్నామో ముందు చెబుతాం. 2007 ఆగస్టు 1న అమెరికాలోని మినియాపొలిస్‌లో మిసిసిపీ నది మీది వంతెన కూలి 13 మంది చనిపోయారు. ఉక్కు దూలాలను కలిపే గస్సెట్ ప్లేట్లు ఉండాల్సిన మందంలో సగమే ఉన్నాయని దర్యాప్తులో తేలింది. అది డిజైన్ నాటి తప్పు. మమ్మల్ని ఎక్కువగా కలచివేసేది మరొకటి. ఆ ప్లేట్లు వంగి ఉండటం 1999లో, 2003లో తీసిన ఫొటోల్లోనే కనిపిస్తోంది. ఆ వంపు ప్రాణాంతకమని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు ప్రతి తనిఖీలోనూ డ్రోన్లు, ఫోన్లు వేల ఫొటోలు తీస్తున్నాయి. వాటన్నిటినీ ఓపిగ్గా చూసే మనుషులు లేరు. ఆ వేల ఫొటోల్లోంచి వంగిన ఒక్క ప్లేటును పట్టుకుని, పోయినేడాది ఫొటోతో పోల్చి, ‘ఇది పెరుగుతోంది, చూడండి’ అని ఇంజనీరు ముందు పెట్టాలి. యంత్రం చేయాల్సిన పని అది. ఆపై నిర్ణయం ఇంజనీరుది, సంతకం ఇంజనీరుది, బాధ్యత ఇంజనీరుది. ‘యంత్రం బాగానే ఉందంది’ అనే మాట ఏ దర్యాప్తులోనూ సంజాయిషీగా చెల్లకూడదు.

యంత్రం తాను చూసినదాన్నే గుర్తుపడుతుంది. టోక్యో విశ్వవిద్యాలయం పరిశోధకుల చొరవతో, రూర్కీ ఐఐటీ వంటి సంస్థల వారి భాగస్వామ్యంతో 2022లో రోడ్ల ఫొటోల సంకలనం ఒకటి వెలువడింది. జపాన్, భారత్, చెక్ రిపబ్లిక్, నార్వే, అమెరికా, చైనా రోడ్ల ఫొటోలు 47,420 అందులో ఉన్నాయి. నిలువు పగులు, అడ్డ పగులు, మొసలి చర్మంలా పెచ్చులు కట్టిన పగుళ్లు, గుంత అని నాలుగు రకాలుగా గుర్తులు పెట్టి, ఎవరైనా వాడుకునేలా ఉచితంగా ఇచ్చారు. ఈ పనిలో తేలిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే, జపాన్ రోడ్ల మీద నేర్చుకున్న యంత్రం వేరే దేశపు రోడ్డెక్కితే తడబడుతుంది. తడబడక ఏం చేస్తుంది? మన రోడ్ల మీద చింతచెట్ల నీడలుంటాయి, పాత అతుకుల తారు గీతలుంటాయి, ఆరబోసిన వడ్లుంటాయి. నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిస్తే దాని మీది రోడ్డు కూడా అంచు వెంబడి బారుగా చీలుతుంది. ఆ చీలిక చూడటానికి చిన్నదే, కానీ తొలకరి నీళ్లు అందులోంచే అడుగుకు దిగి రోడ్డును తినేస్తాయి. ఇదంతా చూడని యంత్రం మన దగ్గర పనికిరాదు. ఆ సంకలనంలోని భారతీయ రోడ్లు ఎక్కువగా ఢిల్లీ, హర్యానా ప్రాంతాలవి. కర్నూలు, ఆదిలాబాద్ రేగడి రోడ్ల ఫొటోలు మనమే ఇవ్వాలి. కాబట్టి మా మొదటి మాట ఇది: ఇతరుల దగ్గర తీసుకున్నంత మనమూ ఇస్తాం. వంతెన వివరాల్లో భద్రతకు సంబంధించి దాచాల్సినవి కొన్ని ఉంటాయి, ఒప్పుకుంటాం. పగులు ఫొటో దాచాల్సిన రహస్యం కాదు.

ఇచ్చిపుచ్చుకోవడం ఎంత పెద్ద ఎత్తున సాధ్యమో శ్రీహరికోటలోనే చూశాం. 2025 జులై 30న అక్కడి నుంచే ఇస్రో, నాసా కలిసి చేసిన నైసార్ ఉపగ్రహం ఎగిరింది. ఒక రాడార్ వాళ్లది, ఒకటి మనది. 12 రోజులకోసారి అదే నేల మీదికి వచ్చి, భూమి సెంటీమీటర్లలో కుంగినా ఉబ్బినా కనిపెట్టేలా దాన్ని తయారుచేశారు. దాని సమాచారం ప్రపంచానికంతా ఉచితం. మట్టికట్ట ఎక్కడ జారుతోందో, వంతెన దగ్గరి గట్టు ఎక్కడ కుంగుతోందో చూడటానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. ఆ అంకెలను చదివి, నీటిపారుదల సర్కిల్ ఆఫీసులో సూపరింటెండింగ్ ఇంజనీరుకు (ఎస్ఈకి) అర్థమయ్యే హెచ్చరికగా మార్చే యంత్రాంగం కావాలి. అది తెలుగులో కూడా ఉండాలి, ఎందుకంటే గట్టు మీద నడిచేది కాలువలను కాసే లస్కర్.

లస్కర్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. కాలువ గట్టు కింద ఊట వస్తుంటే, వచ్చే నీళ్లు తేటగా ఉన్నాయా, మట్టి కలిసి వస్తున్నాయా అని ఆయన వంగి చూస్తాడు. తేటగా ఉంటే ఓ కన్నేసి ఉంచుతాడు. మట్టి వస్తుంటే గట్టు లోపల బొరియ పడుతోందని, ఇక గంటల వ్యవహారమని ఆయనకు తెలుసు. రైలు పట్టాల మీద కీమన్‌కు కూడా ఇలాంటి తెలివే ఉంది. జపాన్‌లో సొరంగాల్లో సుత్తితో తట్టి, ఖంగుమంటే గట్టిదని, డొల్ల చప్పుడొస్తే పట్టు వదిలిందని చెప్పేవాళ్లున్నారు. 2012 డిసెంబరు 2న అక్కడి ససాగో సొరంగంలో పైకప్పు పలకలు ఊడిపడి 9 మంది చనిపోయారు. ఆ పలకలను మోసే బోల్టులను ఏళ్ల తరబడి సుత్తితో తట్టి చూడలేదు. ఆ తర్వాత, 2014 నుంచి, వంతెనలను, సొరంగాలను అయిదేళ్లకోసారి దగ్గరికెళ్లి చూసి తీరాలని జపాన్ నిబంధన పెట్టింది. యంత్రానికి నేర్పాల్సింది ఈ మనుషులే. కాబట్టి వాళ్ల చేత ఫొటోల మీద గుర్తులు పెట్టించుకుంటే దానికి కూలి కట్టాలి, వాళ్ల పని అని పేరు పెట్టాలి. యంత్రం వచ్చిందన్న సాకుతో ఒక్క లస్కర్ పోస్టు కూడా రద్దు చేయకూడదు. ఈ విషయంలో మేం రాజీపడం.

ఒక చోటి ప్రమాదం నుంచి అందరూ నేర్చుకోవడం ఎలాగో విమానాల వాళ్లను చూడండి. ఏ దేశంలో విమానం కూలినా, ఎవరినో తప్పుపట్టడానికి కాకుండా మళ్లీ జరగకుండా చూడటానికే దర్యాప్తు అని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల్లోనే రాసుకున్నారు. ఒక చోట తేలిన లోపం ప్రపంచమంతా తెలుస్తుంది. డ్యాములకు, వంతెనలకు ఆ స్థాయి ఏర్పాటు లేదు. కూలినవాటి నివేదికలు, కూలబోయి ఆగినవాటి నివేదికలు దేశాలన్నీ ఒకే తీరులో రాసి, ఒకే చోట పెట్టాలి. కూలబోయి ఆగినవి మరీ ముఖ్యం. వాటి నుంచి నేర్చుకోవడానికి ఎవరూ చావనక్కర్లేదు.

చివరగా డబ్బు సంగతి. ఇటలీలో జెనోవా నగరంలో మొరాండి వంతెన 2018 ఆగస్టు 14న కూలి 43 మంది చనిపోయారు. బరువు మోసే ఉక్కు తీగలను కాంక్రీటులో దాచి కట్టిన వంతెన అది. ఒక స్తంభం దగ్గరి తీగలు తుప్పుపట్టాయని తెలిసి 1990లలోనే వాటిని బలపరిచారు. కూలింది మరో స్తంభం దగ్గర. జబ్బు తెలియక కాదు, వైద్యం అన్నిచోట్లా అందక. మన దగ్గర కూడా హెచ్చరిక ఫైలు మీద ఫైలై పేరుకుంటే ఎంత గొప్ప యంత్రమైనా దండగ. ప్రమాదమని తేలిన ప్రతిదానికీ మరమ్మతు గడువు, నిధుల పద్దు, బాధ్యుడైన అధికారి హోదా జనానికి కనిపించేలా పెట్టాలి. యంత్రం కొనడానికి డబ్బిచ్చి మరమ్మతుకు ఇవ్వని ఏ ఒప్పందానికీ మేం సహకరించం. మన తనిఖీ వివరాలు తీసుకుని మనకే తిరిగి అమ్మే కంపెనీ ఒప్పందాలకూ అంతే.

డ్యాముల భద్రతా చట్టం వచ్చింది 2021లో. వానాకాలానికి ముందు, తర్వాత తనిఖీ చేయాలని అది చెబుతోంది. ఈసారి తనిఖీకి వెళ్లే ఇంజనీర్లకు మా విన్నపం: ప్రతి గేటు గొలుసునూ, ప్రతి పిన్నునూ ఒకే కోణంలో ఫొటో తీయండి, తేదీ, గేటు నంబరు రాయండి, లస్కర్ చెప్పిన మాట కూడా పక్కనే రాయండి. విదేశాల్లో ఈ రంగంలో ఉన్న తెలుగువాళ్లకు మా విన్నపం: మీ దేశపు నివేదికలు, మీరు రాసిన ప్రోగ్రాములు మాకు పంపండి, సెలవులకు వచ్చినప్పుడు ఒక రోజు గట్టు మీదికి రండి. ఈ మాటలతో ఏకీభవించేవాళ్లు ఏ శాఖవారైనా, ఏ దేశంలో ఉన్నా, మాతో చేయి కలపండి.