సర్వేలకూ ఒక తూనిక ఉండాలి

ఎన్నికలు వచ్చాయంటే చాలు, ఊళ్లలో రచ్చబండ మీద సర్వేల మాటే. ఫలానా సంస్థ ఇన్ని సీట్లు చెప్పిందన్న ధీమాతో వేరుశనగ అమ్మిన సొమ్మును పందెం ఒడ్డేవారూ మన జిల్లాల్లో లేకపోలేదు. ఆ సర్వే ఎంతవరకు నమ్మదగినదని విచారించేవారు మాత్రం అరుదు.

గత అనుభవాలు చూస్తే జాగ్రత్త అవసరమని తెలుస్తుంది. 2018 డిసెంబరులో తెలంగాణలో పోలింగు ముగియగానే, కాంగ్రెసు, తెలుగుదేశం ఉన్న కూటమికి పది అటూ ఇటూగా 65 సీట్లు వస్తాయని మాజీ ఎం.పి. లగడపాటి రాజగోపాల్ చెప్పారు. 119 స్థానాల్లో 88 టి.ఆర్.ఎస్. గెలిచింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి పది అటూ ఇటూగా 100 అన్నారు. 175లో వచ్చినవి 23. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల 24 స్థానాలూ వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకే దక్కాయి. 2024లో ఆ పార్టీకి 94 నుంచి 104 వస్తాయని ఆరా సంస్థ అంటే, వచ్చినవి 11. తెలుగుదేశం, జనసేన, బి.జె.పి. కూటమికి 161 అన్న కె.కె. సంస్థ లెక్క మాత్రం 164 అనే ఫలితానికి దగ్గరగా నిలిచింది. మన 24లో 19 కూటమి గెలుచుకుంది.

ఇంత తేడా ఎందుకు? అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. కాని జిల్లా అంతా ఒకే కుండ కాదు. కె.సి. కాలువ కింద వరి పండే ఊరూ, వాన కోసం ఎదురుచూసే పత్తికొండ మెట్ట ఊరూ ఒకే తీరున ఓటు వేయాలని లేదు. కోసిగి, మంత్రాలయం ప్రాంతాల కూలీలు మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోయిన రోజుల్లో సర్వే జరిగితే, తాళం వేసిన ఇళ్ల ఓట్లు ఏ లెక్కలో చేరతాయి? ఊరి పెద్ద పక్కనే నిలబడి ఉంటే, కొత్త మనిషికి ఓటరు మనసులో మాట చెబుతాడా?

ఓట్ల శాతం తెలిసినా సీట్లు తేలవు. 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లతో 23 సీట్లు వచ్చాయి. 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు దాదాపు అంతే శాతం వచ్చినా దక్కినవి 11.

లెక్క తప్పడం వేరు, కావాలని ఒకవైపు మొగ్గడం వేరు. ఒక్క తప్పుతో పక్షపాతమని ముద్ర వేయరాదు. ఒక్కసారి సరిపోయిందని నెత్తిన పెట్టుకోనూ రాదు. తప్పిన ప్రతిసారీ తప్పు ఒకే పార్టీకి మేలుగా ఉంటే మాత్రం అనుమానించక తప్పదు.

సర్వే చేయించినదెవరు, ఎందరిని అడిగారు, వారిని ఎలా ఎంచారు, ఎంత తేడా రావచ్చు అన్నవి సర్వేతోపాటే ప్రకటించాలని ప్రెస్ కౌన్సిల్ పత్రికలకు నిర్దేశించింది. పోలింగు పూర్తికాకముందే ఎగ్జిట్ పోల్ వెల్లడిస్తే రెండేళ్ల వరకు జైలుశిక్షకు చట్టంలో వీలుంది. ఈ వివరాలు దాచే సంస్థలనూ చట్టం కిందికి తేవలసిన అవసరం ఎంతైనా ఉంది.

విత్తనం కొనేటప్పుడు సంచి మీది చీటీ చూసే రైతు, సర్వేకూ చీటీ ఉందా అని అడగాలి. చీటీ లేని సర్వేను నమ్మి పందెం కాయడం, ఓటు మార్చుకోవడం తగదు.