అంకెకు ప్రమాణమే ప్రాణము

మన పెద్దలకు హాలీ రూపాయియు, కల్దారు రూపాయియు తెలియును. నిజాము రాజ్యములో హాలీ సిక్కా, బ్రిటిషు ఇండియాలో కల్దారు చెలామణి అయ్యెడివి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానము. మన జూలూరుపాడు నిజాము ఏలుబడిలో ఉండగా, గోదావరి ఆవలి భద్రాచలము మద్రాసు రాజధానిలో ఉండెను. కావున ఏరు దాటిన వర్తకునికి ‘ఎంత?’ అను ప్రశ్న చాలదు, ‘ఏ రూపాయి?’ అనియు అడుగవలెను. అడుగక నూరు కల్దారులకు బదులు నూరు హాలీలు పుచ్చుకొన్నవానికి పదునాలుగు రూపాయలకు పైగా నష్టము.

1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో చేరినది. ఆ నాణెములు పోయినవి. ఆ ప్రశ్న మాత్రము పోలేదు. నేడది మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉన్నదని మా అభిప్రాయము.

ఉష్ణవాహకతనే తీసికొందము. లీస్ డిస్క్ ప్రయోగము చేసి, అట్టముక్కకు ఒక అంకె సాధించి, ప్రమాణము వ్రాయకయే పుస్తకము మూయు విద్యార్థులు పెక్కురు. రాగి ఉష్ణవాహకత ఎంత? మీటరుకు, కెల్విన్‌కు వాట్లలో సుమారు 400. పాత సి.జి.యస్. పద్ధతిలో ఒకటికి కొంచెము తక్కువ. అడుగులు, బి.టి.యు.ల లెక్కలో సుమారు 231. రాగి మారలేదు, కొలత మారినది.

ఈ మార్పిడి కంఠస్థము చేయవలసిన మంత్రము కాదు. గంటకు ఒక బి.టి.యు. అనగా 0.2931 వాట్లు. అడుగు 0.3048 మీటరు. ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ భేదము కెల్విన్‌లో తొమ్మిదింట ఐదు వంతులు. మొదటి సంఖ్యను తక్కిన రెంటి లబ్ధముతో భాగించిన 1.73 వచ్చును. గంటకు, అడుగుకు, ఫారెన్‌హీట్ డిగ్రీకి బి.టి.యు.లలో ఉన్న విలువను దీనితో గుణించిన చాలును.

ఇక్కడ రెండు గుంటలు కలవు. మొదటిది 32. ఫారెన్‌హీట్ అనగానే 32 తీసివేయుట మనకు అలవాటు. కాని ఉష్ణవాహకతలో ఉన్నది ఉష్ణోగ్రత కాదు, ఉష్ణోగ్రతల మధ్య భేదము. భేదములో ఆ 32 తనంత తానే కొట్టివేయబడును. రెండవది 12. కొన్ని పట్టికలలో వైశాల్యము చదరపు అడుగులలోను, మందము అంగుళములలోను ఉండును. అప్పుడు గుణకము 1.73 కాదు, అందు పండ్రెండవ వంతు, అనగా 0.1442.

ఇది పరీక్షల ముచ్చట మాత్రమే కాదు. మన ప్రాంతమున వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుట కొత్త కాదు. రేకుల కప్పు క్రింద చదువుకొను పిల్లల కొరకు ఉష్ణనిరోధక పలకలు కొనవలసి వచ్చినదనుకొందము. ఒక వ్యాపారి 0.25 అని వ్రాసిన పత్రము తెచ్చును, మరియొకడు 0.036 అని వ్రాసినది తెచ్చును. అంకె మాత్రమే చూచువాడు రెండవది ఏడు రెట్లు మేలని హెచ్చు ధర ఇచ్చును. కాని మొదటిది అంగుళపు లెక్క, రెండవది వాట్ల లెక్క. 0.25ను 0.1442తో గుణింపుడు: 0.036! రెండును ఒక్కటే. అదే అంకెను అడుగుల లెక్క యనుకొని 1.73తో గుణించినవాడు 0.43 అని భ్రమించి మంచి పలకను త్రోసివేయును.

1956 శాసనముతో మన దేశమునకు మెట్రిక్ మానములు వచ్చినవి గదా, ఈ గొడవ ఏల అని కొందరందురు. చల్లని గాలి యంత్రమును నేటికిని ‘టన్ను’లలో కొనుచున్నాము, ఆ టన్ను గంటకు 12,000 బి.టి.యు.లే. చేతిలోని ఫోను క్షణములో మార్చునని మరికొందరందురు. మార్చును, కాని పత్రములోని అంకె అంగుళముదో అడుగుదో చూచి చెప్పవలసినది మనమే.

చదువుకొన్నవారును ఇట్లు పొరపడిరి. 1983లో కెనడాలో ఒక విమానమునకు కిలోగ్రాములకు బదులు పౌనుల లెక్కన ఇంధనము నింపగా అది ఆకాశముననే నిండుకొనెను. చోదకుల నేర్పు వలన అందరును బ్రతికిరి. 1999లో అమెరికా వారి అంగారక ఉపగ్రహము పౌను, న్యూటనుల తారుమారు వలన నశించెను.

రెండు భాషల కళాశాల వారమగు మనకు ఈ సంగతి సులభముగా బోధపడవలెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో శాస్త్రబోధకు పూనుకొనుటకు ముందే అనువాద సంస్థ వెలసినది. ‘హరారత్’ అన్నను ‘ఉష్ణము’ అన్నను వేడి ఒక్కటే; కాని ఏ మాట ఏ భాషదో ఎరుగనిదే అనువాదము సాగదు. అంకె విషయమును అంతే.

కావున కళాశాల సంఘము వారికి మా విన్నపములు మూడు. ప్రయోగశాల గోడపై ఈ గుణకముల పట్టికను తెలుగు, ఉర్దూ భాషలలో వ్రాయింపవలెను. ప్రమాణము లేని సమాధానమునకు పూర్తి మార్కు ఈయరాదు. కళాశాలకు ఏ సామగ్రి కొన్నను ధరపత్రములన్నియు ఒకే ప్రమాణములో కోరవలెను. వీనికయ్యెడి ఖర్చు స్వల్పము.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. మీ ఇంటిలో హాలీ, కల్దారులు ఎరిగిన ముదుసలి ఉన్నచో, ఆ లెక్క ఎట్లు వేసెడివారో అడిగి తెలిసికొనుడు. ఈ పాఠమును వారు పుస్తకము లేకయే నేర్చిరి.